మత్తు సూది: ఎవరికి ఏది, ఎప్పుడు ఏదీ వద్దు

"సార్, మావోనికి గోళ్లు తియ్యాల. కాలు ముట్టుకుంటే కరుస్తాడు. ఒక మత్తు సూది రాసియ్యండి, ఇంటికాడ మేమే ఏసుకుంటాం."

కర్నూలులో కుక్కలూ పిల్లులూ చూసే నాకు ఈ ఫోను కొత్త కాదు. మొన్న మే నెలలో చేసినాయన "మావోడు" అన్నది 7 ఏళ్ల పగ్‌ని. బరువు 14 కిలోలు, ఉండాల్సింది 9. బయట 43 డిగ్రీల ఎండ. "జైలజిన్ మంచిదంట కదా సార్?" అని కూడా అడిగినాడు, అంటే ఎవరో పుణ్యాత్ముడు పేరు చెప్పి మరీ పంపినాడు. ఆ రోజు ఆ పగ్‌కి నేను ఏ మత్తు సూదీ వెయ్యలేదు. తర్వాత వేసినాను, జైలజిన్ మాత్రం కాదు. ఆ మధ్యలో నా బుర్రలో నడిచిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ప్రొద్దుటూరు, తిరుపతి కాలేజీల్లో చదివి కొత్తగా బోర్డు పెట్టిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది ఎక్కువ పనికొస్తుంది. ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకునేవాళ్లూ చదవొచ్చు. డోసు అంకెలు డాక్టర్ల కోసం. పెంచుకునేవాళ్లకి అవి డాక్టరుని నాలుగు ప్రశ్నలు అడగడానికి మాత్రమే, ఇంట్లో సిరంజి పట్టుకోడానికి కాదు.

మత్తు మందుల్ని "మెత్తనిది, గట్టిది" అని వరస పెట్టే అలవాటు మనకుంది. ఆ వరసతో ఎంచుకుంటే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటాం. బీరువా తెరిచే ముందు నేను చూసుకునేవి మూడు. చెయ్యబోయే పనిలో నొప్పి ఉందా? దీని గుండె, ఊపిరి, కిడ్నీలు ఎట్లా ఉన్నాయి? తేడా వస్తే విరుగుడు నా చేతిలో ఉందా? ఈ మూడోదాన్ని చాలామంది మందు ఎక్కించిన తర్వాత గుర్తు చేసుకుంటారు.

అసలు సూది కావాలా

టీకా, రక్తం తీయడం, చెవి చూడడం, మామూలుగా గోళ్లు తీయడం లాంటి వాటికి సగంసార్లు సూది అక్కర్లేదు. పిల్లికయితే ఇంట్లోనే, బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు గాబాపెంటిన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి కాస్త చేపముక్కలో కలిపి పెట్టమంటాను. చిన్న పిల్లికీ, ముసలి పిల్లికీ, కిడ్నీ సరిగా లేనిదానికీ అందులో సగం. బుట్టలోంచి బుసకొడుతూ వచ్చే పిల్లి ఆ రోజు తువ్వాల్లో చుట్టించుకుని పడుకుంటుంది. భయస్తురాలైన కుక్కకి ట్రాజొడోన్ అనే మాత్ర అదే పని చేస్తుంది. ఒక జాగ్రత్త: మనుషుల కోసం తయారైన గాబాపెంటిన్ సిరప్‌లలో కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. కుక్కకి అది విషం. క్యాప్సూలే తీసుకోండి.

మాత్ర వేసినా లొంగకపోతే అప్పుడు సూది. మాత్ర ముందే పడి ఉంటే సూది డోసు తగ్గుతుంది కాబట్టి వేసిన మాత్ర వృథా కాదు.

జైలజినా, డెక్స్‌మెడిటోమిడినా

మన జిల్లాల్లో అసలు పోటీ ఈ రెంటి మధ్యే. జైలజిన్ ఎద్దుల డాక్టరు సంచిలోనూ ఉంటుంది, కుక్కల డాక్టరు బీరువాలోనూ ఉంటుంది. చవక, వాడి వాడి చేతికి అలవాటైనది. 1962లో జర్మనీలో బేయర్ కంపెనీ మనుషుల రక్తపోటు కోసం దీన్ని తయారుచేసింది. కెటమిన్ పుట్టింది కూడా ఆ 1962లోనే, అమెరికాలో. ఇప్పుడు మన రాష్ట్రంలో పశువుల అంబులెన్సు నంబరు 1962. ఎవరూ అనుకుని చేసింది కాదు గానీ, విద్యార్థులకి సంవత్సరం గుర్తుండడానికి నేను ఇట్లాగే చెప్తాను.

రెండూ ఒకే జాతి మందులు. మెదడులో ఆల్ఫా-2 అనే గ్రాహకాల్ని పట్టుకుని నిద్ర, కొంత నొప్పి తగ్గడం, కండరాల సడలింపు మూడూ ఇస్తాయి. తేడా ఏమంటే డెక్స్‌మెడిటోమిడిన్ ఆ గ్రాహకాన్ని గురిచూసి కొడుతుంది. జైలజిన్‌కి ఆ గురి దానికంటే దాదాపు పదోవంతు. అందుకే జైలజిన్‌తో పక్క గొడవలు ఎక్కువ. అందులో మొదటిది వాంతి. కండరంలో వేసిన మూడు నుంచి ఐదు నిమిషాల్లో, మత్తు ఎక్కకముందే, చాలా కుక్కలు కక్కుతాయి. పిల్లుల్లో ఇది ఇంకా ఎక్కువ.

ఇక్కడే మనవాళ్లు చేసే ఒక ఘోరం చెప్పాలి. కరుస్తుందని మూతికి గుడ్డ బిగించి కట్టి, అదే చేత్తో జైలజిన్ వేస్తారు. కక్కింది బయటికి రాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మత్తులో కుక్క దగ్గలేదు. కట్టాల్సి వస్తే నోరు తెరుచుకునే బుట్ట మూతికట్టు వాడాలి, లేదా సూది వేసిన వెంటనే గుడ్డ విప్పేయాలి. కడుపులో ఎముకో బంతో ఇరుక్కున్న కుక్కకీ, పొట్ట గాలితో ఉబ్బి మెలిపడినదానికీ జైలజిన్ అసలు తలవద్దు.

డెక్స్‌మెడిటోమిడిన్‌తోనూ వాంతి వస్తుంది గానీ తక్కువ. మత్తు లోతు దాని డోసుతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మరో మందుతో కలిపినప్పుడు కుక్కకి కిలోకి 3 నుంచి 10 మైక్రోగ్రాములు, పిల్లికి 5 నుంచి 15 దాకా నేను వాడతాను. జైలజిన్ అయితే కుక్కకి కండరంలో కిలోకి అర మిల్లీగ్రాము నుంచి ఒకటి దాకా. ఖరీదులో డెక్స్ ఎక్కువే, కానీ ఒక్కో కుక్కకి పట్టేది చుక్కలు. ఐదు కిలోల పిల్లికో పమేరియన్‌కో లెక్కేస్తే పెద్ద తేడా రాదు. 40 కిలోల గ్రేట్‌డేన్ వచ్చినప్పుడే జేబు గుర్తొస్తుంది.

గుండె విషయంలో రెండూ దొంగలే. ముందు రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది, దానికి జవాబుగా గుండె నెమ్మదిస్తుంది, పంపే రక్తం తగ్గుతుంది. చిగుళ్లు పాలిపోతాయి. నాలుకకి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ ఒక్కోసారి అంకె పట్టుకోదు. కొత్త డాక్టరు గుండె 45 చూసి కంగారుపడి గుండె వేగం పెంచే అట్రోపిన్ ఎక్కిస్తాడు. బిగుసుకున్న నాళాల మీదికి గుండెని కొరడాతో తోలినట్టవుతుంది. రక్తపోటు బాగుండి గుండె నెమ్మదిగా కొడుతుంటే వదిలేయండి. నిజంగా భయం వేస్తే అట్రోపిన్ కాదు, విరుగుడు ఇవ్వండి.

ఈ జాతికి ఉన్న గొప్ప గుణం ఆ విరుగుడే. జైలజిన్‌కి యోహింబిన్, రెంటికీ అటిపమెజోల్. కుక్కలో 500 మైక్రోగ్రాముల డెక్స్ సీసా నుంచి ఎంత తీసినారో, అటిపమెజోల్ కూడా అంతే మిల్లీలీటర్లు, కండరంలో. పిల్లికి అందులో సగం. కుక్క పది నిమిషాల్లో లేచి తోక ఊపుతుంది. మన ఊరి మెడికల్ షాపులో అడిగితే దొరికే వస్తువు కాదది. ముందే తెప్పించి పెట్టుకోవాలి. విరుగుడు లేని రోజు నా దగ్గర డెక్స్ కూడా లేనట్టే లెక్క. ఇంకో మాట: విరుగుడు మత్తుతోబాటు నొప్పి మందునీ లాగేస్తుంది. నొప్పి పని చేసి ఉంటే వేరే నొప్పి మందు ముందే పడి ఉండాలి.

గుండె కవాటం కారుతున్న ముసలి కుక్కకీ, చక్కెర వ్యాధి ఉన్నదానికీ, నిండు చూలు కుక్కకీ ఈ రెండూ వద్దు. ఈ మందులు రక్తంలో చక్కెరని పెంచుతాయి కూడా. మత్తు ఇచ్చి రక్తం తీసి "షుగర్ 250 ఉంది" అని యజమానిని భయపెట్టిన సందర్భాలు నాకు తెలుసు.

ఏస్‌ప్రోమజిన్, ట్రైఫ్లూప్రోమజిన్

మన దగ్గర రెండోదే ఎక్కువ చూస్తాం. ఈ జాతి మందులు కుక్కని "నాకెందుకులే" అనే స్థితికి తెస్తాయి. నొప్పి ఏమాత్రం తగ్గదు. విరుగుడు లేదు. ఎక్కడానికి అరగంట పైన, దిగడానికి నాలుగు నుంచి ఆరు గంటలు, ముసలిదానికి ఇంకా ఎక్కువ. రక్తనాళాల్ని వదులు చేసి రక్తపోటు దించేస్తాయి. పార్వో వైరస్ విరేచనాలతో ఒంట్లో నీళ్లు ఇంకిపోయిన కుక్కపిల్లకి ఇవ్వడమంటే చేజేతులా తోయడమే. బాక్సర్ జాతికి వీటితో కళ్లు తిరిగి పడిపోయే గుణం ఉంది. ఏస్‌ప్రోమజిన్ వాడేవాళ్లు కిలోకి 0.01 నుంచి 0.05 మిల్లీగ్రాములు దాటకండి, ఎంత పెద్ద కుక్కయినా మొత్తం మీద 3 మిల్లీగ్రాములు మించకండి. పాత పుస్తకాల్లో దీనికి పదింతలు రాసి ఉంటుంది.

దీపావళి టపాసులకి భయపడే కుక్కకి ఇదొక్కటే ఇచ్చి పడుకోబెడతారు. ఒళ్లు కదలదు, లోపల భయం అట్లాగే ఉంటుంది. చప్పుడుకి ఇంకా ఉలిక్కిపడుతుంది. ఆ పనికి ఇది వద్దు.

గుండె బలహీనమైతే

12 ఏళ్ల లాబ్రడార్, ఊపిరి ఎగబీలుస్తోంది, ఎక్స్‌రే కావాలి. ఇక్కడ నా చెయ్యి బ్యూటార్ఫనాల్, మిడజోలామ్ జంట మీదికి పోతుంది. మొదటిది కిలోకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు, రెండోది 0.2. గుండెనీ రక్తపోటునీ పెద్దగా కదపవు. తమాషా ఏమంటే, జబ్బుగా ఉన్న కుక్కకి ఇది హాయిగా పనిచేస్తుంది. రెండేళ్ల ఆరోగ్యమైన కుర్ర జర్మన్ షెపర్డ్‌కి ఒట్టి మిడజోలామ్ వేసి చూడండి, సారా తాగిన పెళ్లికొడుకులాగా గది అంతా తిరుగుతాడు. ధైర్యం పెరిగి కరవొచ్చు కూడా.

మిడజోలామ్ లేదని డయజెపామ్ కండరంలో వేయకండి. అది కరిగి ఉన్న ద్రవం మంట పుట్టిస్తుంది, ఒంటికి ఎంత పడుతుందో చెప్పలేం. నరంలో అయితే సరే. మిడజోలామ్‌కి ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉంది. బ్యూటార్ఫనాల్ నొప్పి మీద పనిచేసేది కుక్కలో గంటలోపే. ఎముక సరిచేయడానికి దీన్ని నమ్ముకోలేం.

కెటమిన్

పిల్లి దగ్గర రాజు ఇదే. కుక్కకి ఒంటరిగా ఇస్తే మాత్రం ఒళ్లు కట్టెలాగా బిగుసుకుంటుంది, ఫిట్స్ రావొచ్చు. అందుకే ఎప్పుడూ జంటలోనే. కుటుంబ నియంత్రణ శిబిరాల్లో వీధికుక్కలకి జైలజిన్, కెటమిన్ కలిపి ఇవ్వడం మన రాష్ట్రంలో మామూలే. చెయ్యి పెట్టనివ్వని పిల్లికి డెక్స్, బ్యూటార్ఫనాల్, కెటమిన్ మూడూ ఒకే సిరంజిలో తొడకండలో వేస్తే ఐదు పది నిమిషాల్లో పడుకుంటుంది. ద్రవం ఆమ్లంగా ఉంటుంది కాబట్టి గుచ్చగానే మండుతుంది. చుట్టూ ఉన్నవాళ్ల చేతులు జాగ్రత్త. కళ్లు తెరిచే ఉంటాయి, రెప్ప వేయదు, కంటి లేపనం పెట్టకపోతే కనుగుడ్డు ఆరిపోతుంది. చాలామంది మరిచేది ఇదే.

కెటమిన్ పడిన తర్వాత మొదటి అరగంటలో ఆల్ఫా-2 విరుగుడు ఇచ్చేయకండి. మెత్తబరిచే మందు పోయి కెటమిన్ ఒక్కటే మిగులుతుంది, బిగుసుకుపోవడం మొదలవుతుంది. గుండె కండరం మందమైన పిల్లికి కెటమిన్ వద్దు. ఎండాకాలంలో మూత్రం బంద్ అయి వచ్చే మగపిల్లికి కూడా అలవాటు చొప్పున ఈ కలయిక కొట్టకండి. దాని రక్తంలో పొటాషియం పెరిగి గుండె ముందే తడబడుతుంటుంది, కెటమిన్ పోవాల్సిన దారి మూత్రమే, డెక్స్ మూత్రం ఇంకా ఊరిస్తుంది. ముందు సెలైన్, తర్వాత బ్యూటార్ఫనాల్, మిడజోలామ్.

చట్టం సంగతి కూడా ఉంది. కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న జాబితాలోది. చీటీ రెండు కాపీలు, అందులో ఒకదాన్ని షాపువాడు రెండేళ్లపాటు దాచాలి. క్లినిక్‌లో తాళం, రిజిస్టరు తప్పవు. "ఒక సీసా ఇయ్యన్నా, మళ్లా ఇస్తా" అనే స్నేహాలు ఈ మందు దగ్గర పెట్టుకోవద్దు.

టిలెటమిన్, జోలజెపామ్ కలిసిన పొడిసీసా ఇదే ఇంటి మనిషి. పిల్లులు దాని నుంచి నెమ్మదిగా, ప్రశాంతంగా లేస్తాయి. కుక్కల్లో శాంతపరిచే భాగం ముందు దిగిపోతుంది కాబట్టి లేచేటప్పుడు ఈదుతున్నట్టు కాళ్లు కొట్టుకుంటాయి.

నరంలో ఎక్కించే ప్రొపోఫాల్ గురించి ఒక్క మాటే: గొంతులో ఊపిరి గొట్టం వెయ్యడం, ఆక్సిజన్ ఇవ్వడం మీకు రోజూ చేసే పని అయితేనే. వేగంగా ఎక్కిస్తే ఊపిరి ఆగుతుంది.

లెక్క తప్పేది ఎక్కడ

మందు ఎంపిక సరిగా ఉన్నా, సిరంజి దగ్గర కొంప మునుగుతుంది. డెక్స్‌మెడిటోమిడిన్ పశువుల సీసాలో మిల్లీలీటరుకి 500 మైక్రోగ్రాములు. మనుషుల ఆపరేషన్ థియేటరు ఆంపూల్లో 100. మూడు కిలోల పిల్లికి కిలోకి 10 చొప్పున 30 మైక్రోగ్రాములు కావాలంటే, మొదటిదాంట్లో 0.06 మిల్లీలీటరు, రెండోదాంట్లో 0.3. సీసా మారింది చూసుకోకపోతే ఐదింతలు.

ఇంత చిన్న కొలతకి ఇన్సులిన్ సిరంజి వాడతాం. మన దగ్గర అవి రెండు రకాలు. ఎర్ర మూతది 40 యూనిట్లకి ఒక మిల్లీలీటరు, ఇంకోటి 100 యూనిట్లకి. నేనే ఒకసారి రెండో రకం అనుకుని ఎర్ర మూతదాంట్లో 6 గీతలు లాగినాను. 0.06 బదులు 0.15 పోయింది, రెండున్నర రెట్లు. పిల్లి ఆరోగ్యమైనది, విరుగుడు అరచేతి దూరంలో ఉంది, గంటలో లేచింది. నా కాళ్లు మాత్రం సాయంత్రం దాకా వణికినాయి. ఆ రోజు నుంచి నా క్లినిక్‌లో ఎర్ర మూత సిరంజి లేదు. లెక్క కాగితం మీద రాసి, కాంపౌండరు చేత చదివించి, అప్పుడే గుచ్చుతాను.

ఇంకో తప్పు ఓపిక లేకపోవడం. కొట్లాడి పట్టుకున్న కుక్కలో అడ్రినలిన్ పొంగుతూ ఉంటుంది, మందు ఎక్కదు. ఐదు నిమిషాలు చూసి రెండో డోసు, పది నిమిషాలకి మూడోది. తర్వాత మూడూ కలిసి ఒక్కసారిగా పనిచేస్తాయి. సూది వేసి, లైటు తీసి, ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ లేకుండా 20 నిమిషాలు వదిలేయండి. ఆల్ఫా-2 మత్తులో పడుకున్న కుక్క చప్పట్లు కొడితే కళ్లు తెరిచి కరవగలదు. నిద్రపోయిందని మొహం దగ్గర మొహం పెట్టకండి.

మన ఎండ

కుక్కకి చెమట అరికాళ్లలో తప్ప లేదు. దగ్గరదగ్గరగా రొప్పి వేడిని బయటికి పంపుతుంది. మత్తు ఆ రొప్పుని ఆపేస్తుంది, ఒంటి వేడిని సర్దే మెదడు భాగాన్నీ మొద్దుబారుస్తుంది. కర్నూలు మే నెలలో రేకుల షెడ్డులో పడుకోబెడితే గంటలో 106 ఫారెన్‌హీట్ దాటొచ్చు. అదే కుక్కని ఏసీ గదిలో స్టీలు బల్ల మీద పెడితే 98కి జారుతుంది. రెండూ చంపుతాయి. అందుకే 15 నిమిషాలకొకసారి థర్మామీటరు. ఏప్రిల్, మే నెలల్లో అత్యవసరం కానిదేదైనా ఉదయం 6, 7 గంటల మధ్యే పెట్టుకుంటాను.

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. గొంతు వెనకాల మెత్తని అంగిలి పొడవుగా ఉంటుంది, మత్తులో కండరాలు సడలితే అదే దారికి అడ్డం పడుతుంది. పడుకున్న మొదటి నిమిషం నుంచి పూర్తిగా లేచేదాకా పక్కన మనిషి ఉండాల్సిందే, గొంతు గొట్టం బయట తీసి పెట్టుకోవాల్సిందే.

ముధోల్ లాంటి సన్నని వేటకుక్కలు మన వైపు కనిపిస్తాయి. వాటికి థయోపెంటోన్ అనే మత్తు మందు వద్దు. ఒంట్లో కొవ్వు లేదు, కాలేయం ఆ మందుని నెమ్మదిగా కరిగిస్తుంది, పొద్దున పడుకున్నది రాత్రి దాకా లేవదు.

సూది తర్వాత

బ్రిటన్‌లో బ్రాడ్‌బెల్ట్ అనే పశువైద్యుడి బృందం 2008లో అచ్చువేసిన అధ్యయనం 98,036 కుక్కల్నీ 79,178 పిల్లుల్నీ లెక్కించింది. మత్తు లేదా అనస్థీషియా వల్ల చనిపోయింది కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24. ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.05, 0.11. నాకు ముఖ్యమనిపించింది వేరే అంకె: చనిపోయిన కుక్కల్లో సగం దగ్గర, పిల్లుల్లో 60 శాతం పైన, పని అయిపోయిన తర్వాతే పోయినాయి, ఎక్కువ మొదటి మూడు గంటల్లో. అంటే బిల్లు కట్టించుకుని "లేస్తాడులే, తీసుకపోండి" అనే సమయంలో.

అందుకే పెంచుకునేవాళ్లకి నేను చెప్పేది, డాక్టరుని మందు పేరు ఒక్కటే అడగకండి. విరుగుడు ఉందా, నరానికి క్యానులా పెడతారా, ఆక్సిజన్ ఉందా, లేచేదాకా దగ్గర ఎవరుంటారు అని అడగండి. తల ఎత్తి పట్టుకుని, నాలుగు అడుగులు తూలకుండా నడిచేదాకా బండి ఎక్కించకండి. ఇంటికి పోయినాక మంచం మీద, మిద్దె మెట్ల దగ్గర, నీళ్ల తొట్టి పక్కన వదలకండి. అన్నం సాయంత్రమే, అది కూడా గుప్పెడు.

ఆ పగ్ సంగతి. ఫోను పెట్టేసి తీసుకు రమ్మన్నాను. గోరు వంకర తిరిగి అరికాల్లోకి దిగి చీము పట్టింది, నొప్పి ఉంది, కాబట్టి మాత్రతో అయ్యేది కాదు. కానీ మధ్యాహ్నం రెండు గంటల ఎండలో వచ్చి, నాలుక నీలంగా, రొప్పుతూ ఉంది. తడిగుడ్డ వేసి చల్లబరిచి, నొప్పి మందు, యాంటీబయోటిక్ ఇచ్చి పంపినాను. మరుసటి రోజు పొద్దున 6 గంటలకి ఖాళీ కడుపుతో వచ్చినాడు. డోసు లెక్క 14 కిలోల మీద కాదు, 9 మీద వేసినాను. ఐదు నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్, బ్యూటార్ఫనాల్, మిడజోలామ్, గోరు మొదట్లో చర్మం కింద, ఆ చోటు మొద్దుబారడానికి లిగ్నోకెయిన్. పని 10 నిమిషాలు. తర్వాత రెండున్నర గంటలు ఆయన బల్ల పక్కన స్టూలు వేసుకుని గడ్డం ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి గురక ఆగింది. ఆయన నన్ను పిలిచే లోపలే నాలుక లాగి పట్టుకున్నాడు, దారి తెరుచుకుంది.

"సార్, ఇంటికాడ ఏసుకునింటే ఏమయ్యేది?" అన్నాడు. నేను ఏమీ అనలేదు. పగ్ ఒక కన్ను తెరిచి ఆయన్నే చూస్తోంది.